నేలకు మొదటి గుక్క

“ఊరంతా పారలు పట్టుకుని కాలువ పూడిక తీయడానికి పోతుంటే, నువ్వు బంగారురంగు విగ్గేసుకుని వేడినీళ్ళ స్నానానికి పోతావా? పోయినేడూ ఇంతేగా!” తల్లి దొమితిలా దండకం ఆపడం లేదు.

“సినిమావాళ్ళ పనమ్మా. మధ్యాహ్నానికి వచ్చేస్తా.”

“అక్క వచ్చేలోపు పూడిక మేమే తీసేస్తాంలే,” అన్నాడు తమ్ముడు సిరిలో. “ఊట మడుగుకి తూము పలక బిగించేశాను. కాలువ ఎండింది.”

ఎదువీనా గూఢచారి అని ఇంట్లో ఎవరికీ తెలియదు. చీఫ్ క్లుప్తంగా చెప్పాడు: ఈ ఎడారి ఊటను విదేశీ ముఠా పేల్చేయబోతోంది. నీళ్ళు పోతే ఊరు ఖాళీ. నేల కిందున్న లిథియం ఖనిజం వాళ్ళది. “నువ్వు పెట్టుబడి పెట్టే జర్మన్ దొరసానివి. రిమోట్ ఎక్కడుందో కనుక్కో. ముఠాలో మన ఏజెంట్ రెనాతా ఉంది. కోడ్ వర్డ్ ఫ్లెమింగో.”

లోయకు రెండువైపులా నిట్టనిలువు రాతిగోడలు. ఉన్న ఒక్క మెట్లదారి మీదా తుపాకులతో ఇద్దరు. మెడలోతు ఊట మడుగులో ఎదువీనాకు ఆవిరితో ఊపిరాడటం లేదు.

“ఫ్లెమింగోలు ఈసారి ముందే వచ్చాయి,” అంటూ ఎర్ర స్విమ్‌సూట్‌లో ఉన్న రెనాతా వైన్ గ్లాసు అందించింది.

హమ్మయ్య అనుకుంది ఎదువీనా. ఆ తేలికలో చెయ్యి ఊరి అలవాటు కొద్దీ వంగింది. తాగేముందు నాలుగు చుక్కలు గట్టు మీద మట్టిలో పడ్డాయి.

రెనాతా పకపకా నవ్వింది. “నేలతల్లికి మొదటి గుక్క! జర్మనీలో ఏ ఊరు, దొరసానీ?” తువ్వాలు కిందనుంచి పిస్టల్ తీసింది. “డిపార్ట్‌మెంట్ ఎవర్ని పంపిందా అని చూస్తున్నా. నాకు వాళ్ళూ జీతమిస్తారు, వీళ్ళూ ఇస్తారు.” లిప్‌స్టిక్ చూపించింది. “ఇదే రిమోట్. బాంబు నీ వెనకే, ఎండిన కాలువలో. గట్టెక్కావంటే మెట్ల మీదున్నవాళ్ళు కాల్చేస్తారు.”

తీరిగ్గా మెట్లెక్కసాగింది.

గట్టెక్కితే తూటా, ఎక్కకపోతే బాంబు. కానీ నీళ్ళ కింద కాళ్ళు ఎవరికీ కనబడవు. ఎదువీనా పాదం తూము పలకను వెతికింది. సిరిలో బిగింపు మొండిగా ఉంది. మడమతో తన్నింది. కదల్లేదు. పైన రెనాతా లిప్‌స్టిక్ మూత తిప్పుతోంది. శక్తంతా కూడగట్టి మళ్ళీ తన్నింది.

పలక ఊడింది. మడుగంతా కాలువలోకి దూకింది. బాంబు తుస్సుమని కొట్టుకుపోయింది.

“తూము తీసిన వెధవ ఎవర్రా!” తడిసి బురదైన ఊరంతా పారలెత్తుకుని మెట్ల పైనుంచీ, కాలువ వెంట కిందనుంచీ వచ్చిపడింది. రెనాతాతో సహా ముఠావాళ్ళెవరికీ తుపాకులు ఎత్తే సందు కూడా దొరకలేదు.

సాయంత్రం అందరూ భోజనాలకు కూర్చున్నాక ఎదువీనా విగ్గు తీసి పొయ్యిలో వేసింది. తన గ్లాసులోంచి నేలకు నాలుగు చుక్కలు పోసి, మెల్లగా చెప్పింది:

“ఉద్యోగం మానేశాను. ఈ చేత్తో ఆ పని కుదరదు. ఇకనుంచి తూము నేను చూసుకుంటా.”

“ముందు నువ్వు నింపిన పూడిక తియ్యి,” అన్నాడు సిరిలో, చెవిలోంచి బురద దులుపుకుంటూ.