ఒకటి ఎక్కువ

ఎల్లాజీ కుళాయి ముందు నిలబడి "నీళ్ళు" అన్నాడు. కుళాయి కదల్లేదు. మళ్ళీ అన్నాడు. నిన్నటిదాకా ఆ మాట వాడిదే. పొద్దున లెక్క తప్పాడని మాటపలక దాన్ని వెనక్కి తీసేసుకుంది.

"నీ మాటలన్నీ పోతన్నాయిరా. రేపు నీ పేరు కూడా ఎలిపోతాది" అంది వరసలో వెనకున్న పిల్ల.

వకుళ టీచరు వచ్చి, తన గొంతుతో నీళ్ళడిగి, గ్లాసు వాడి చేతికిచ్చింది. అలా ఇవ్వకూడదని ఆమెకు తెలుసు.

సముద్రం ముందుకొచ్చి తీరపు ఊళ్ళన్నీ మెట్టమీది మేడల్లోకి మారిన కాలమది. ఆ మేడల్లో తలుపు, దీపం, కుళాయి అన్నీ మాటకే కదులుతాయి. చిన్నపిల్లలు తెలియక వాటితో ఆడకుండా తలా ఒక మాటపలక ఇచ్చారు. అది పిల్లవాడి ఇంట్లో ఉన్నవాటిని చూసి, వాటితోనే కూడికలు కడుతుంది. రెండు చేపలూ ఒక చేపా కలిస్తే ఎన్నని అడుగుతుంది. సరిగా చెబితే చేప అన్న మాట వాడిదవుతుంది. ఇక ఆ మాట వాడి నోట వస్తే ఇల్లు వింటుంది. అంకె కుదిరితేనే మాట కుదిరినట్టని దాని సూత్రం. పిల్లలు ఐదేళ్ళు నిండకుండానే పెద్దల్లా మాట్లాడుతుంటే, పలకను తప్పుపట్టడానికి ఎవరికీ కారణం కనబడలేదు.

ఎల్లాజీ తరగతిలో ముందుండేవాడు. వానాకాలపు జ్వరంతో వాడి అక్క పైడి పోయాక లెక్క చెడింది. గోలీలు కూడమంటే తప్పడు. ఇంట్లో దిండ్లెన్ని, గ్లాసులెన్ని అంటే మాత్రం అమ్మది, నాన్నది, తనది కలిపి నాలుగంటాడు. పలక దాన్ని కూడిక రాకపోవడంగానే ఎంచి, ఒక్కొక్క మాటా తీసేసుకుంటూ వాణ్ణి అడుగు మెట్టుకు దించేసింది. ఈ వారంలో దారికి రాకపోతే దిద్దుబాటు వసతికి పంపాలని పైనుంచి కబురొచ్చింది. అక్కడికి వెళ్ళిన పిల్లల్ని ఏడాదిదాకా కన్నవాళ్ళకు చూపించరు.

వకుళ భర్త పోయి ఇంకా ఏడాది తిరగలేదు. ఆయన పోయిన కొత్తల్లో వంటయంత్రం ఎందరికని అడిగితే ఆమె దాన్ని ఆపేసి పస్తు పడుకుంది. తర్వాత ఒక్కరికే అని చెప్పడం అలవాటు చేసుకుంది. ఈ పిల్లవాడూ అలవాటు చేసుకోగలడనుకుంది.

మధ్యాహ్నం వాణ్ణి పక్కన కూర్చోబెట్టుకుని, కూడిక వచ్చు కదా, మరి మూడని ఎందుకు చెప్పవని అడిగింది.

"మూడంటే మరి అక్కకి?"

ఆమె పలకను వాడి ముందుకు జరిపింది.

"పలకకి మూడని చెప్పు నాన్నా. లేకపోతే నిన్ను అమ్మ దగ్గర ఉండనివ్వరు."

"తీసుకెలిపోతారా?"

"ఆఁ. తీసుకెళ్ళిపోతారు."

వాడు పలకను ఒళ్ళోకి లాక్కున్నాడు. మూడన్నాడు. వినబడలేదని పలక మళ్ళీ అడిగింది. మళ్ళీ చెప్పాడు. పోయిన మాటల్ని పలక ఒక్కొక్కటే తిరిగిస్తుంటే, దీపం, తలుపు, నీళ్ళు అని వాడు వెంట పలికాడు. సాయంత్రానికి వసతి ఆజ్ఞ రద్దయింది.

మర్నాడు పొద్దున వాడి తల్లి నూకరత్నం బడి గుమ్మం దగ్గరకొచ్చింది. దండం పెట్టడానికి వచ్చిందనుకుంది వకుళ.

"ఆడికి లెక్కొచ్చీసిందని కబురొచ్చింది టీచరమ్మా."

తెలివైన పిల్లవాడని వకుళ చెప్పింది. నూకరత్నం చెరగు కొస వేలికి చుట్టుకుంటూ నిలబడింది.

"రాత్రి కంచాలు ఆడే ఎట్టాడు. మూడే ఎట్టాడు. పైడి పేరు మా ఇంట్ల ఎవలం ఎత్తం. ఆల్ల నాన్న ఎత్తనీడు. ఆడొక్కడే దాని కంచం ఎట్టీవోడు. అందరం తినీసినాక నాను దాన్ని కడిగీదాన్ని, ఎంగిలి కాకపోయినా." వేలికి చుట్టిన చెరగు విప్పుకుంది. "మీరు మంచికే సేసేరు. మిమ్మల్ని ఏటీ అన్ను."

ఆమె మెట్లు దిగి వెళ్ళిపోయింది. వకుళ తరగతి వైపు తిరిగింది.

లోపల పలకలు కొత్త లెక్క అడుగుతున్నాయి. ఎల్లాజీ అందరికన్నా ముందు జవాబు చెప్పాడు. సరిగ్గానే చెప్పాడు.