గంగులు గండి

గుడివాడ నుంచి ముదినేపల్లి వెళ్ళే దారిలో, వరిచేలకి ఎగువన, నాగభూషణరావు గారి చెరువు గట్టు ఉండేది. పగలు ఆ గట్టు మీద పిల్లలు పరుగులు తీసేవారు, కొత్తగా పెళ్ళైనవాళ్ళు ఫొటోలు దిగేవారు. దీపాలు పెట్టే వేళ దాటిందా... తూర్పు మూలకి ఊరకుక్క కూడా వెళ్ళేది కాదు. ఆ మూలని గంగులు గండి అనేవారు.

ఆ పేరెలా వచ్చిందో నాకు చెప్పినవాళ్ళు చెప్పినట్టే చెప్తాను. కాస్త గుండె చిక్కబట్టుకుని వినండి.

తొంభైలో వచ్చిన తుఫానుకి గట్టు అక్కడ తెగింది. గండి పూడ్చడానికి ఈ పక్కన ఒక పద్ధతి ఉంది. గట్టివాళ్ళు కొందరు నీళ్ళల్లోకి దిగి, మోచేతిలో మోచెయ్యి మెలేసి, గొలుసులా అడ్డం నిలబడతారు. వాళ్ళ ఒంటికి తగిలి నీటి ఉరవడి తగ్గుతుంది. ఆ సందులో వాళ్ళ వెనక మట్టి బస్తాలు పడేస్తారు. భుజాలు పట్టుకోరు, తడి భుజం జారిపోతుంది. మోచెయ్యి జారదు.

ఆ రాత్రి గొలుసు మధ్యలో గంగులు ఉన్నాడు. తాటి దుంగ ఒకటి కొట్టుకొచ్చి సరిగ్గా అక్కడే గుద్దింది. గొలుసు తెగింది. గంగులు బస్తాల వైపు పడ్డాడు. పైనుంచి బస్తాలు వేసేవాళ్ళకి చీకట్లో కనపడలేదు... కనపడినా ఆపలేదని కొందరంటారు. గండి పూడింది. గంగులు అందులోనే ఉండిపోయాడు.

తవ్వి తీద్దామంటే నాగభూషణరావు గారు ఒప్పుకోలేదు. "తవ్వితే మళ్ళీ తెగుద్ది. పోయినోడు ఎలాగూ పోయాడు," అన్నారట. గంగులు భార్య వెంకాయమ్మ ఆ మట్టి మీదే నీళ్ళు చల్లి ఇంటికెళ్ళింది.

అది మొదలు, చీకటి పడ్డాక అటు వెళ్ళినవాళ్ళ మోచేతిలోకి ఒక మోచెయ్యి వచ్చి మెలిపడేది. చల్లగా... బురద బురదగా. బందరు నుంచి రొయ్యపిల్ల అమ్మడానికొచ్చిన పెద్దమనిషి ఒకాయన పంచె కూడా వదిలేసి పరిగెత్తాడు. గంగులు పేరు పెట్టి పిలుస్తాడనీ, పలికితే లోపలికి లాక్కుంటాడనీ, పలక్కుండా వెనక్కి తిరక్కుండా వెళ్ళిపోతే బతుకుతారనీ గట్టు కింద పేటలో పసిపిల్లలు కూడా చెప్పేవారు.

కొన్నేళ్ళకి నాగభూషణరావు గారికి కొత్త ఆలోచన వచ్చింది. చేపల మీద కన్నా మనుషుల మీద ఎక్కువొస్తుందని ఎవరో చెవినేశారు. గట్టు మీద సిమెంటు బెంచీలు వేయించారు. కాళ్ళతో తొక్కే బోట్లు తెప్పించారు. కార్తీకమాసం వస్తే గుడివాడ నుంచి వనభోజనాలకి బస్సులు కట్టుకుని వచ్చేవారు. బోట్లు చూసుకోవడానికి దుర్గారావుని పెట్టారు. అతను భార్య విజయకుమారినీ, అప్పుడప్పుడే మాటలొస్తున్న కూతురు వర్షిణినీ తీసుకొచ్చి గట్టు కింద పేటలో కాపురం పెట్టాడు. గంగులు గండికి సరిగ్గా దిగువన ఒక్క ఇల్లే ఖాళీగా ఉంది. ఎందుకు ఖాళీగా ఉందో దుర్గారావు అడగలేదు, అద్దె తక్కువని సంతోషపడ్డాడు.

ఆ ఏడు కార్తీకంలో ముసురు పట్టింది. చెరువు నిండితే ఎక్కువైన నీళ్ళు వాటంతటవే పోవడానికి గట్టుకి ఒక చివర అలుగు ఉంటుంది. నీళ్ళు పోతే బోట్లు బురదకి తగులుతాయని నాగభూషణరావు గారు ఆ అలుగుకి చెక్కలు కొట్టించారు. కొట్టింది దుర్గారావే.

కాపలా అబ్బులు మధ్యాహ్నం పరుగున వచ్చాడు. "అయ్యా, తూర్పు మూల గట్టు చెమరుస్తోందండీ. చెక్కలు తీయించండి. కింద ముప్పై కొంపలున్నాయి."

"రేపు ఆదివారం రా. మూడు బస్సులొస్తన్నాయి. బురదలో తొక్కుతారా బోట్లు?"

"బస్సులు మళ్ళీ వస్తాయండీ..."

మాట పూర్తి కాలేదు. నాగభూషణరావు గారి చెయ్యి అబ్బులు దవడ మీద పడింది. ముసలాడు బెంచీ మీద పడి, పెదవి చిట్లి, నెత్తురు ఉమ్ముకుంటూ లేచాడు. దుర్గారావు వైపు చూశాడు. దుర్గారావు బోట్లకి తాళ్ళు కడుతున్నట్టు వంగాడు. అలా వంగినందుకు అతనికి సిగ్గేసింది, కానీ లేవలేదు.

సాయంత్రానికి గాలి తిరిగింది. కరెంటు పోయింది. వాన చినుకుల్లా కాదు, చేటలతో పోసినట్టు పడుతోంది. బోట్ల షెడ్డులో ఉన్న దుర్గారావు కాళ్ళకి నీళ్ళు తగిలాయి. చెరువు గట్టు అంచుకి వచ్చేసింది.

దిగువన విజయకుమారి ఉంది. పిల్ల ఉంది.

గునపం అందుకున్నాడు. చెక్కలు పీకెయ్యాలి... ఉద్యోగం పోతే పోయింది. అలుగు గట్టుకి అవతలి చివర ఉంది. అక్కడికి పోవాలంటే గంగులు గండి దాటాలి. వేరే దారి లేదు.

టార్చిలైటు నాలుగడుగులకే తడిసి ఆరిపోయింది. దుర్గారావు గునపాన్ని రెండు చేతులా పట్టుకుని గట్టు మీద నడిచాడు. ఆంజనేయస్వామి పేరు తలుచుకున్నాడు, అదీ సగంలో మర్చిపోయాడు. బెంచీ ఒకటి మోకాలికి తగిలింది. అంటే తూర్పు మూల వచ్చేసింది.

అప్పుడు వినపడింది.

"దుర్గారావూ..."

అతను పలకలేదు. గాలి హోరులో ఆ గొంతు ఎవరిదో తెలియడం లేదు. ముందు నుంచో వెనక నుంచో కూడా తెలియడం లేదు.

"దుర్గారావూ... ఆగు..."

పళ్ళు బిగించి ఇంకో అడుగేశాడు. ఎడం మోచేతిలోకి ఒక మోచెయ్యి వచ్చి మెలిపడింది.

చల్లగా... బురద బురదగా... వెనక్కి లాగింది.

దుర్గారావు అరిచాడు. విదిలించుకున్నాడు, ఊడలేదు. చెవి దగ్గర ఏదో గొణుగుడు, తడి ఊపిరి. అక్కడ వర్షిణి... ఇక్కడ ఇది. కుడిచేత్తో గునపం ఎత్తి, వెనక్కి చూడకుండా, బలమంతా పెట్టి కొట్టాడు.

టప్‌మని చప్పుడైంది. కొబ్బరికాయ పగిలిన చప్పుడు. పట్టు వదల్లేదు. మళ్ళీ కొట్టాడు. ముఖం మీద వెచ్చగా చిందింది. ఇంకోసారి కొట్టాడు. మోచెయ్యి మెల్లగా జారిపోయింది.

దెయ్యానికి నెత్తురు వెచ్చగా ఎందుకుంటుందని అతనికి అనుమానం రావలసింది. రాలేదు. గునపం పారేసి ముందుకి ఉరికాడు.

ముందు గట్టు లేదు.

కాలి కింద ఏమీ తగల్లేదు... ఆపైన నీళ్ళు ఒక్కసారిగా మీద పడ్డాయి. గట్టు అంతకుముందే తెగింది. చెరువంతా ఆ సందులోంచి దూకుతోంది. నీళ్ళు అతన్ని గిరగిర తిప్పి నేలకేసి కొట్టాయి. పక్కటెముకలు విరిగాయి. నోట్లోకి బురద దిగింది. ఇంటి కప్పు ఒకటి, కట్టుగొయ్యతో సహా గేదె ఒకటి అతని పక్కనుంచే వెళ్ళాయి. ఇంక పైకి తేలనని అర్థమైంది.

అప్పుడు కుడి మోచేతిలోకి ఏదో మెలిపడింది.

ఈసారి విదిలించుకునే ఓపిక లేదు. అది వదలనూ లేదు. ఎటు కొట్టుకుపోయినా ఆ పట్టు అలాగే ఉంది. చివరికి వీపుకి గడ్డివామి తగిలింది. అక్కడ అతన్ని ఆనించి... పట్టు వదిలింది.

తెల్లవారింది. దుర్గారావు కుంటుకుంటూ, కొంత పాకుకుంటూ బడి దగ్గరికి చేరాడు. పేట ఉన్నచోట పేట లేదు. వాలిన రాటలకి కట్టేసిన పశువులు చచ్చి ఉబ్బి ఉన్నాయి. బడి డాబా మీద మాత్రం జనం ఉన్నారు. వాళ్ళలో విజయకుమారి ఉంది. చంకలో వర్షిణి ఉంది.

అతను మెట్ల మీదే కూలబడి ఏడ్చాడు.

"చీకటి పడకముందే అబ్బులు మావయ్య మమ్మల్నందర్నీ ఇక్కడికి తోలేశాడు," అంది విజయకుమారి కిందికి దిగి వచ్చి. "గట్టు తెగగానే, మీ ఆయన తెలీక ఇటే వస్తాడు, ఆపుతానంటూ మళ్ళీ గట్టెక్కాడు. నీకు కనపడ్డాడా?"

దుర్గారావు ఏడుపు ఆగిపోయింది.

అప్పుడే తలుపు చెక్క మీద అబ్బులుని మోసుకొచ్చారు. తెగిన గట్టు అంచున, తడి మట్టి మీద దొరికాడట. నీళ్ళల్లో పడలేదు. తల ఒక పక్కంతా లేదు.

జనం నోట ఒకటే మాట. గంగులు... గంగులు చంపేశాడు. అందరికన్నా గట్టిగా అన్నది నాగభూషణరావు గారు. "ఆ చోటు మంచిది కాదని నేను మొదట్నించీ అంటానే ఉన్నాను. గట్టు తెంపిందీ వాడే, వీణ్ణి చంపిందీ వాడే." అలుగు చెక్కల సంగతి ఎవరూ ఎత్తలేదు. దెయ్యం చేసిన పనికి మనిషేం చేస్తాడు?

వెంకాయమ్మ జనాన్ని తోసుకుంటూ వచ్చింది. అబ్బులు తల చూసింది. చాలాసేపు చూసింది.

"మా ఆయన కొట్టడు," అంది.

"ఊరుకో వెంకాయమ్మా," అన్నారు నాగభూషణరావు గారు.

"ఊరుకునే ఇన్నాళ్ళున్నానండీ. మా ఆయన పట్టుకుంటాడు. అంతే. పడిపోతారని పట్టుకుంటాడు. ఇంతమందిని పట్టుకున్నాడు గదా, ఒక్కడికి చిన్న గాయమైందా?" ఆమె దుర్గారావు వైపు తిరిగింది. "రాత్రి వరదలో కొట్టుకొచ్చి బతికింది నువ్వొక్కడివే. నిన్ను పట్టుకోలేదా బాబూ?"

నాగభూషణరావు గారు అతని వైపు చూసి తల అడ్డంగా ఊపారు. చాలా చిన్నగా. ఒక్క మాట చాలు, గంగులు చంపాడంటే చాలు, ఇద్దరూ బయటపడతారు. దుర్గారావు నోరు తెరిచాడు. వర్షిణి నవ్వుతూ అతని మీదికి చేతులు చాచింది.

"పట్టుకున్నాడు," అన్నాడు. "నీళ్ళల్లో పట్టుకున్నాడు. ఒడ్డుకి చేర్చిందాకా వదల్లేదు." తలుపు చెక్క వైపు తిరిగాడు. "గట్టు మీద పట్టుకున్నది అబ్బులు మావ."

జనం అతని దగ్గర్నుంచి వెనక్కి జరిగారు.

"నేనే కొట్టాను. మూడుసార్లు."

విజయకుమారి, పిల్ల చాచిన చేతుల్ని వెనక్కి తీసుకుంది. అతన్ని దాటి వెళ్ళి, తలుపు చెక్క పక్కన, అబ్బులు దగ్గర కూర్చుంది.