రెండు బైట్ల తేడా

మాచర్ల రైల్వే స్టేషన్. ఉదయం పది గంటల ఇరవై నిమిషాలు.

ప్లాట్‌ఫారం చివరి బెంచీ మీద కూర్చున్న సుధీర్ బాబు, పక్కన పేపర్ చదువుతున్నట్టు నటిస్తున్న మనిషి చేతిలో ఒక పెన్ డ్రైవ్ పెట్టాడు.

"టర్బో సీలోనే రన్ చెయ్యాలి. ఒంటిగంట లోపు..."

అంతవరకే. పెదాలు నీలంగా మారాయి. ముందుకు ఒరిగిపోయాడు.

పేపర్ మడిచిన మనిషి పేరు ఉపేంద్ర. గూఢచారి విభాగం రికార్డుల్లో ఏజెంట్ 41. నాడి పట్టుకు చూశాడు. కొట్టుకోవడం లేదు. విషం. గంట కిందటే ఎవరో తాగించి ఉంటారు.

సుధీర్ బాబు ఊళ్ళోని ఇంజనీరింగ్ కాలేజీలో లెక్చరర్. ఒక విదేశీ ముఠాకు రహస్య సందేశాలు విప్పే ప్రోగ్రామ్ రాసిచ్చాడు. అది దేనికి వాడుతున్నారో తెలిశాక వణికిపోయి విభాగానికి లొంగిపోయాడు. పెన్ డ్రైవ్‌లో ఆ ప్రోగ్రామ్ ఉంది, ముఠా పంపిన చివరి సందేశమూ ఉంది. ఆ రోజు ఒంటిగంటకు పల్నాడులో ఎక్కడో పేలుడు జరుగుతుందని విభాగానికి తెలుసు. ఎక్కడన్నదే ఆ సందేశం.

ఉపేంద్ర శవాన్ని తన మనుషులకు అప్పగించి, రెండు ఫైళ్లనూ శాటిలైట్ ఫోన్లో ఢిల్లీకి పంపాడు. పావుగంటకు చీఫ్ ఫోన్ చేశాడు. ప్రోగ్రామ్‌ను యంత్ర భాషలోకి మార్చే కంపైలర్ కొత్తదైతే చెత్త వస్తోందట. పాత టర్బో సీ కావాలట. అది కాలం చెల్లిన సాఫ్ట్‌వేర్ కాబట్టి సెక్యూరిటీ పాలసీ ప్రకారం విభాగం కంప్యూటర్లలో ఎక్కించకూడదట. మినహాయింపు కావాలంటే మూడు సంతకాలు, నాలుగు రోజులు.

"ఒంటిగంటకి బాంబు, చీఫ్."

"ఆ ఫారంలో బాంబు అనే కాలమ్ లేదు ఉపేంద్రా."

దేశ రక్షణ ఎవరి చేతుల్లో ఉందో ఉపేంద్రకు పద్నాలుగేళ్లుగా తెలుసు. ఫోన్ పెట్టేసి, జీపులోనే టర్బో సీ సెటప్ డౌన్‌లోడ్ చేశాడు. వేలిముద్ర చూసి తెరుచుకునే లాప్‌టాప్, విండోస్ పదకొండు. డబుల్ క్లిక్ చేశాడు. ఈ యాప్ మీ పీసీలో నడవదని ఒక నీలం పెట్టె మర్యాదగా చెప్పింది. మళ్లీ చేశాడు. మళ్లీ అదే మర్యాద.

ప్రపంచం ఎప్పుడో పారేసిన ఆ సాఫ్ట్‌వేర్ ఇంకా ప్రాణంతో ఉన్న చోటు ఒకటే. కాలేజీ ల్యాబు. నెరిసిన విగ్గు, కళ్లజోడు పెట్టుకుని, ప్రాక్టికల్స్‌కు వచ్చిన ఎక్స్‌టర్నల్ ఎగ్జామినర్ వేషంలో పదకొండూ ముప్పావుకు ఉపేంద్ర అక్కడ దిగాడు.

గుమ్మంలో నీలిమ ఎదురొచ్చింది. విభాగం మనిషే. సుధీర్ బాబు మీద కన్నేసి ఉంచడానికి మూడు నెలలుగా అసిస్టెంట్ ప్రొఫెసర్‌గా నటిస్తోంది. ఆమె నవ్వుకు ప్రిన్సిపాల్ దగ్గర్నుంచి వాచ్‌మన్ దాకా పడిపోయారు. పారిస్‌లో ఒకసారి ఉపేంద్ర కూడా పడ్డాడు. సుధీర్ బాబు స్టేషన్‌కు వస్తాడని చీఫ్‌కీ, ఉపేంద్రకీ, ఆమెకీ తప్ప నాలుగో మనిషికి తెలియదు. అనుమానించడానికే జీతం తీసుకునే ఉపేంద్రకు ఆ లెక్క తట్టలేదు.

ల్యాబులో ఆరోగ్యమ్మ ఉంది. ఇరవై రెండేళ్లుగా ల్యాబ్ అసిస్టెంట్. కంప్యూటర్ల మీది దుమ్ము తుడుస్తూ, వచ్చిన ఎగ్జామినర్‌ను ఒకసారి పైనుంచి కిందికి చూసి మళ్లీ తుడుచుకుంటోంది.

పెన్ డ్రైవ్ తీసుకుని నీలిమ ఒక సిస్టమ్ ముందు కూర్చుంది. ఉపేంద్ర కిటికీ దగ్గర నిలబడి, నరసరావుపేటలో బాంబ్ స్క్వాడ్‌తో సిద్ధంగా ఉన్న నాగార్జునకు ఫోన్ చేశాడు. వెనక్కి తిరిగేసరికి పని అయిపోయింది. నల్లటి తెర మీద తెల్లటి అక్షరాలు: గురజాల బస్టాండ్.

"బయల్దేరమను," అంది నీలిమ.

ఉపేంద్ర ఫోన్ ఎత్తాడు.

"ఆగండి సారూ," అంది ఆరోగ్యమ్మ. గుడ్డ భుజాన వేసుకుని వచ్చి, నీలిమ భుజం మీదుగా చెయ్యి చాపి, ఫోల్డర్ తెరిచింది. "ప్రోగ్రామ్ కంపైల్ జేస్తే తయారయ్యే ఈఎక్స్‌ఈ ఫైలు ఇయ్యాల్టి తేదీతో రావాల. దీని మీద పోయిన శనివారం ఉంది. మేడం ఇక్కడ జేసింది కాదిది. ఇంటికాడ వండుకొచ్చింది."

ఉపేంద్ర అప్పుడు లెక్క వేశాడు. ముగ్గురిలోంచి ఇద్దర్ని తీసేస్తే ఒకరు. ఒకటో తరగతి పిల్లవాడు చేసే తీసివేత అతనికి గంటన్నర పట్టింది.

"పొద్దున సుధీర్‌కి విషం తాగించింది నువ్వా?"

నీలిమ చేతిలోకి లిప్‌స్టిక్ అంత పిస్టల్ వచ్చింది. "పారిస్‌లోనే నిన్ను తేలిగ్గా అంచనా వేశాను ఉపేంద్రా. నా అంచనా తప్పలేదు."

ఉపేంద్ర ఆమె కుర్చీని తన్నాడు. కాలేజీ కొన్న కుర్చీ అది; ఐదు చక్రాల్లో మూడే మిగిలాయి. అది ఆమెతో సహా వెల్లకిలా పడింది. పిస్టల్ పేలి గుండు కంప్యూటర్ పొట్టలో దిగింది; ఆ దెబ్బకు ల్యాబు మొత్తానికి కరెంటు పోయింది. అతను మణికట్టు విరిచి పిస్టల్ లాక్కుని, ఆమె చేతులు ప్రింటర్ కేబుల్‌తో కట్టేశాడు.

ఆరోగ్యమ్మ గుడ్డ పక్కన పెట్టింది. "సుధీర్‌కి ఏమయింది?" అని అడిగింది. ఉపేంద్ర చెప్పాడు.

ఆ సుధీర్ బాబు ఈ ల్యాబులోనే చదువుకున్నాడు. మొదటి ప్రోగ్రామ్ రన్ చేసిన రోజు ఈమెకే చూపించాడు. లెక్చరరయ్యాక కూడా మధ్యాహ్నం ఈమె క్యారేజీలోంచి గోంగూర అడిగి వేయించుకునేవాడు. ఆరోగ్యమ్మ నేల మీద పడి ఉన్న నీలిమ వైపు తిరిగింది.

"వాడు నీకేం జేశాడే?"

ఆరోగ్యమ్మ కొంగుతో కళ్లు ఒత్తుకుని, పెన్ డ్రైవ్ పీకి, ఉపేంద్ర లాప్‌టాప్ ముందు కూర్చుంది.

పన్నెండూ ఐదు. దీంట్లో అది నడవదని ఉపేంద్ర చెప్పబోయాడు. నేరుగా నడవదని తనకు తెలుసనీ, ముందు డాస్‌బాక్స్ ఎక్కించి, పాత కంప్యూటర్‌లో ఉన్నానని టర్బో సీని నమ్మించాలనీ ఆమె చెప్పింది. ఏటా మూడొందల మంది పిల్లల లాప్‌టాప్‌లలో చేసే పనే. మౌంట్ కమాండ్ కొట్టింది. నీలం తెర వచ్చింది. కంపైల్ చేస్తే ప్రోగ్రామ్‌కు అవసరమైన హెడర్ ఫైలు దొరకలేదని ఎర్రర్. ఆమె డైరెక్టరీల్లో దారి మార్చింది. ఈసారి మౌస్ బాణం మాయమైంది. ఉపేంద్ర కంగారుగా టచ్‌ప్యాడ్ మీదికి చెయ్యి పోనిచ్చాడు.

"చెయ్యి తియ్యండి. చానా చదివినోళ్లంతా ఇక్కడే జెడగొడతారు."

"ఢిల్లీలో ఎందుకు రాలేదు?"

"టర్బోలో ఇంట్, అంటే అంకె పెట్టే గది, రెండు బైట్లే. ఇప్పటోటిల్లో నాలుగు. పెద్ద అంకె రెండు బైట్లలో పట్టక పొర్లిపోయిద్ది. సుధీర్ ఆ పొర్లిందాన్ని బట్టే కోడ్ రాశాడు. నాలుగు బైట్లలో పొర్లదుగా, ఇంక ఏం వచ్చిద్ది?"

కంట్రోల్, ఎఫ్ తొమ్మిది నొక్కింది. నల్లటి తెర మీద ఒక్కో అక్షరమే పడింది: శావల్యాపురం కల్వర్టు. కాన్వాయ్.

గురజాల ఒక దిక్కు, శావల్యాపురం ఇంకో దిక్కు. క్షిపణి విడిభాగాలతో వెళుతున్న సైనిక కాన్వాయ్ ఒంటిగంటకు ఆ కల్వర్టు దాటుతుంది. ఒంటిగంట దాకా దానికి రేడియో నిషేధం. పిలిచి ఆపడానికి లేదు. పన్నెండూ పదహారుకు నాగార్జున జీపు నరసరావుపేట దాటింది.

ఆ తర్వాతి నలభై ఐదు నిమిషాలు ఉపేంద్ర ఫోన్ చెవి దగ్గర్నుంచి తీయలేదు. బ్రేకుల చప్పుడు వినబడింది. కల్వర్టు కింద నీళ్లలో అడుగులు. ఎవరో తీగ రంగు అడిగారు. దూరంగా లారీల మోత మొదలై, పెరిగి పెరిగి, ఫోన్లో నాగార్జున మాటను మింగేసి, నెమ్మదిగా తగ్గిపోయింది.

"కాన్వాయ్ దాటింది సార్," అన్నాడు నాగార్జున. "టైమర్ తొమ్మిది సెకండ్ల దగ్గర ఆగింది."

ఉపేంద్ర విగ్గు తీసి మొహం తుడుచుకున్నాడు. ఆరోగ్యమ్మ సుధీర్ వాళ్లమ్మకు ఎవరు చెబుతారని అడిగింది. తనే చెబుతానన్నాడు ఉపేంద్ర. మీ నోటితో వద్దని, తనే వెళతానంది.

విభాగం ఆమెకు ఢిల్లీలో సన్మానం చేయిస్తుందని, చీఫ్ చేతుల మీదుగా శాలువా కప్పుతారని ఉపేంద్ర చెప్పాడు.

ఆరోగ్యమ్మ కిటికీలోంచి నలభై ఆరు డిగ్రీల ఎండను చూసింది.

"మాచర్లలో శాలువా ఏం జేసుకోను సారూ? ఆ మీ చీఫ్‌నే కప్పుకోమనండి."