ఏడు వెలిగితే

"ముఠా అడిగిన ఆ గడియారం మారువేషంలో వెళ్ళి నువ్వే కట్టాలి ఓస్తాప్. మనవాళ్ళలో సోల్డరింగ్ వచ్చినవాడివి నువ్వొక్కడివే," అని కల్నల్ అసైన్‌మెంట్ అప్పగించి మూడు వారాలైంది.

ఇప్పుడు అదే గడియారం ఎదురుగా, ఖార్కివ్‌లో ఓ రేడియో షాపు వెనకగదిలో, ఏజెంట్ ఓస్తాప్ కుర్చీకి కట్టేసి ఉన్నాడు. మారువేషపు గడ్డం సగం ఊడి వేలాడుతోంది. నాలుగు పాత గాజు గొట్టాల్లో నారింజ రంగు అంకెలు వెలుగుతున్నాయి. 15:56.

"పెట్టె అడుగున పేలుడుమందు దట్టించాం," అన్నాడు విదేశీ ముఠా నాయకుడు కార్వెల్. "సంధి సభకి ఇది మా కానుక. పదిహేడు గంటలకి ఈ రెండో గొట్టంలో ఏడు వెలుగుతుంది. హాలు లేచిపోతుంది."

ఓస్తాప్ కళ్ళు రెండో గొట్టానికి అతుక్కుపోయాయి. గొట్టంలో చాలాసేపు వెలగని అంకె తీగకి మసి పట్టి పాడైపోతుందని, ఈ ఊళ్ళో ఇలాంటి గడియారం కట్టే ప్రతివాడూ గంటగంటకీ అన్ని గొట్టాల్లోనూ సున్నా నుంచి తొమ్మిది దాకా అంకెల్ని పరుగెత్తిస్తాడు. తనూ అలాగే కట్టాడు. ఏడు ఇంకో నాలుగు నిమిషాల్లో, ఈ గదిలోనే వెలుగుతుంది!

చెప్తే తను బతుకుతాడు, సభలో నలభై మంది పోతారు. చెప్పకపోతే వాళ్ళు బతుకుతారు, తను పోతాడు. నోరు విప్పలేడు, వేలు కదపలేడు. ఇంత చేతకానితనం ఎన్నడూ ఎరగడు. ఏడుపొచ్చింది.

కార్వెల్ పక్కన ఎర్ర కోటు వేసుకుని సొలోమియా నిలబడి ఉంది. మూడు వారాలు తన పక్కనే కూర్చుని వైర్లు అందిస్తూ పని నేర్చుకున్న సాటి ఏజెంట్. పొద్దున తనని పట్టిచ్చిందీ, డిటొనేటర్ వైరు అతికించిందీ ఆవిడే.

"దేనికి అమ్ముడుపోయావే?"

"మంచి కాఫీకి. నీ టీ తాగలేక చచ్చాను."

"అంత చెమటేంటయ్యా?" కార్వెల్ పగలబడి నవ్వాడు. "పేలేది ఇక్కడ కాదుగా!"

15:59. పొద్దున అమ్మ వండిన బోర్ష్ సూప్ తాగకుండా వచ్చాడు. అది గుర్తొచ్చి మనసు పీకింది.

16:00. అంకెలు పరుగందుకున్నాయి. నాలుగు, అయిదు, ఆరు, ఏడు.

టిక్.

ఎనిమిది, తొమ్మిది. అంతే. మరుక్షణం తలుపు బద్దలైంది. కార్వెల్ చెయ్యి జేబుదాకా వెళ్ళేలోపే కల్నల్ మనుషులు వాడిని నేలకి అదిమేశారు.

సొలోమియా కట్లు కోసింది. "డిటొనేటర్ తీసేసి ట్రాన్స్‌మిటర్ పెట్టాను. ఏడు వెలిగితే మనవాళ్ళకి సిగ్నల్. నీ అంకెల పరుగుండగా పదిహేడు దాకా ఆగడం దేనికి?"

"ముందే చెప్పి చావొచ్చుగా!"

"చెప్తే నీకంత చెమట పట్టేదా? అది చూసేగా వాడు నన్ను నమ్మింది."

ఓస్తాప్ మిగిలిన గడ్డం పీకేసుకున్నాడు.

"సార్," అన్నాడు కల్నల్‌తో, "ఈసారి గడియారం కావాలంటే బజార్లో కొనుక్కోండి."