నవ్వులగది

యలమంద చేసిన పనికి వాడి పేరు తలుచుకోవడం కూడా దండగని అంకబాబు అనుకునేవాడు. అయినా పొద్దున్నే పళ్ళు తోముకునేటప్పుడు నోట్లోకి ముందుగా వచ్చేది ఆ పేరే. కలిసి గోలీలాడినవాడు, కలిసి బీడీ కాల్చడం నేర్చుకున్నవాడు. అంకబాబు సముద్రం అడుగున తీగలు వేసే పనికి పోయి ఉన్నప్పుడు, ఇద్దరి తోటలకీ మధ్యనున్న గట్టుని ఆ యలమంద దున్నించేశాడు. ఆ ఏడే ఉపగ్రహంతో రీసర్వే జరిగింది. పైనుంచి చూసినదానికి గట్టు కనపడలేదు, ఒకటే తోట కనపడింది. అంకబాబు మల్లెతోట యలమంద పేరు మీద పడిపోయింది.

“ఇదేం పనిరా?” అని అడిగితే, “ఉపగ్రహం అబద్ధం చెబుద్దా మామా?” అన్నాడు.

2083 నాటికి చీరాలలో తగాదాలు నేరుగా కోర్టుకి వెళ్ళడం లేదు. ముందు నవ్వులగదికి వెళ్ళాలి. సర్కారు కాగితాల్లో దాని పేరు హాస్య పరిష్కార మందిరం. దాన్ని కనిపెట్టిన డాక్టర్ హైమవతి ‘హ్యూమర్ మీడియేషన్ ఛాంబర్’ అంటుంది. జనానికి మాత్రం నవ్వులగదే. అన్నదమ్ములు, వ్యాపారంలో భాగస్తులు, విడిపోదామనుకున్న మొగుడూపెళ్ళాలు కొట్టుకుంటూ లోపలికి వెళ్ళి భుజాల మీద చేతులేసుకుని బయటికి వచ్చేవాళ్ళు. ఊరంతా దాన్ని పొగిడేది. అంకబాబుకి మాత్రం అదంటే లోలోపల వణుకు. బావి తగాదాలో తమ్ముడితో రాజీపడి వచ్చిన ఇడ్లీకొట్టు సుందరం, ఆ తర్వాత కొట్లో ఎవరు గట్టిగా నవ్వినా గరిటె జారవిడవడం అతను కళ్ళారా చూశాడు.

గది చేసే పని ఇది. నాలుగు గోడలూ వెలుగుపొరలే, అంటే లైట్‌ఫీల్డ్ ప్యానెళ్ళు. వాటి మీద దాదాపు వందేళ్ళ నాటి టీవీ హాస్య ధారావాహిక ‘అద్దెవాటా’ ప్రాణం పోసుకుంటుంది. ఒకే వాటాలో అద్దెకుండే నలుగురు స్నేహితుల కథ అది. వారం వారం ఏదో ఒకదానికి తన్నుకుంటారు. అరగంట గడిచేలోపు ఎవడో ఒకడు “పోనీలే మామా” అంటాడు, అందరూ నవ్వుతూ ఒకళ్ళ మీద ఒకళ్ళు పడతారు, కనపడని జనం విరగబడి నవ్వి చప్పట్లు కొడతారు. చుట్టూ అంతమంది నవ్వుతుంటే మనిషిలో పంతం నిలవదని హైమవతి కనిపెట్టింది. గదిని నడిపే యంత్రబుద్ధికి ‘పెద్దమనిషి’ అని పేరు పెట్టింది. లోపల కూర్చున్నవాళ్ళ నాడి, చెమట, కనురెప్పలు కనిపెట్టి చూస్తూ, ఏ నవ్వుకి మనిషి కదులుతాడో ఆ నవ్వునే పెంచుకుంటూ పోవడం పెద్దమనిషి పని.

చట్టం ఇంకా సులువు. ఫిర్యాదు పెట్టినవాడు లోపల తన నోటితో “పోనీలే” అన్నాడా, అది రాజీ. ఆస్తి మీద హక్కు వదులుకున్నట్టే. అనలేదా, వ్యవహారం కోర్టుకి వెళుతుంది.

“కోర్టుకొస్తే తోట నీదే,” అన్నాడు లాయరు. “పాత సర్వే రాళ్ళు ఇంకా భూమిలోనే ఉన్నయ్. తవ్వి చూపిస్తా. నువ్వు ఆ ఒక్క మాట అనమాక, చాలు.”

“నోట్లో వక్క వేసుకుని కూర్చో,” అంది భార్య తిరపతమ్మ. “నీ నోరు నాకు తెలవదా?”

వక్క బుగ్గన పెట్టుకునే అంకబాబు లోపలికి వెళ్ళాడు. తలుపు వెనకాల మూసుకుంది. యలమంద అప్పటికే సోఫాలో కాలు మీద కాలేసుకుని కూర్చుని ఉన్నాడు. చుట్టూ అద్దెవాటా. చిరిగిన సోఫా, గోడకి సైకిలు, గ్యాసు పొయ్యి మీద మాడుతున్న పాలు. అంకబాబు, యలమంద చిన్నప్పుడు అరుగు మీద పక్కపక్కనే కూర్చుని పాత రికార్డింగుల్లో చూసిన గదే. ఆ నలుగురిలో ఒకడైన భూషణం తన రూమ్మేటు మడత మంచాన్ని చెప్పకుండా అమ్మేసిన ఎపిసోడ్. పెద్దమనిషి మంచాన్ని తీసేసి, ఆ చోట మల్లెతోట పెట్టింది.

“ఏమైంది అంకబాబూ, మొహం అట్టా మాడింది?” వెలుగులోంచి ఆ నలుగురిలో ఒకతైన సరళ అడిగింది, కాఫీ గ్లాసు ఊపుతూ.

“ఈడు నా తోట తినేశాడమ్మా.”

గోడలు నవ్వాయి. చిన్న నవ్వే.

“అంత తోట ఎట్టా తిన్నావురా, అరిగిందా?” అన్నాడు వెలుగుభూషణం.

“మల్లెపూలే గదా, తేలిగ్గానే అరిగినయ్,” అన్నాడు యలమంద.

పైకప్పు ఎగిరిపోయేటంత నవ్వు. యలమంద ఏమన్నా జనం వాడితో కలిసి నవ్వుతున్నారు. తను ఏమన్నా తనని చూసి నవ్వుతున్నారు.

“ఇది నవ్వే సంగతి కాదు. మా అమ్మ చేత్తో నాటిన అంట్లు అవి.”

మళ్ళీ నవ్వు. అతను ఊరుకున్నాడు. ఊరుకున్నందుకూ నవ్వారు. గుటక వేస్తే నవ్వారు. కోపంగా చూద్దామని తల తిప్పబోతే బుగ్గనున్న వక్క జారి ఒళ్ళో పడింది. అప్పుడు వచ్చిన నవ్వుకి సోఫా కింద నేల అదిరింది. ఇంతలో అంకబాబు ఇంకొకటి గమనించాడు. ప్రతి మాట తర్వాతా తను ఆగుతున్నాడు, నవ్వుకి చోటు ఇస్తున్నాడు.

పెద్దమనిషి వెతుకుతోంది. ముందు మగవాళ్ళ నవ్వు వేసింది. తర్వాత ఆడవాళ్ళది. ముసలివాళ్ళది. ఒక్కొక్కటీ వేసి అంకబాబు నాడి చూస్తోంది. ఉన్నట్టుండి చిన్నపిల్లల నవ్వు వేసింది.

అతని గుండె ఒక్కసారి లయ తప్పింది.

పెద్దమనిషికి అంతే కావాలి. మిగతా నవ్వులన్నీ ఆపేసి, నాలుగు గోడల నించీ పిల్లల నవ్వే పోసింది. సన్నగా, బెంచీల మీద చరుస్తూ, ఆగకుండా. ఏడో తరగతిలో అంకబాబు లేచి నిలబడి ‘క్షేత్రము’ అన్న మాటని ‘చేత్రము’ అని చదివాడు. పంతులు కళ్ళజోడు తీసి తుడుచుకుంటూ నవ్వాడు. ఆ రోజు సంచీ బెంచీ మీదే వదిలేసి ఇంటికి వచ్చినవాడు మళ్ళీ బడి గడప తొక్కలేదు. ఇప్పుడు అదే గది, అదే ఈడు పిల్లలు, తను ఒక్కడు తప్ప అందరూ నవ్వుతున్నారు.

“ఆపండి,” అన్నాడు. గొంతు చిన్నపిల్లాడిదిలా పలికింది. నవ్వు పెరిగింది.

లేచి తలుపు వైపు రెండడుగులు వేశాడు. వెనకనించి నవ్వు కెరటంలా విరుచుకుపడింది. అందులోంచి ఒక సన్నని గొంతు, “పోతన్నాడ్రోయ్!” అని అరిచింది. ఇప్పుడు వెళ్ళిపోతే ఈ నవ్వు తన వీపుకి అతుక్కుని వస్తుంది. తిరపతమ్మతో మాట్లాడేటప్పుడు ఉంటుంది, నిద్రలో ఉంటుంది, చచ్చేదాకా ఉంటుంది. అతను తిరిగి వచ్చి కూర్చున్నాడు.

ఎదురుగా యలమంద చెయ్యి చాపాడు. “మామా,” అన్నాడు.

అంకబాబుకి లాయరు గుర్తొచ్చాడు, తోట గుర్తొచ్చింది, అమ్మ గుర్తొచ్చింది. అన్నీ నవ్వు కింద ములిగిపోయాయి. ఆ నవ్వు ఆగితే చాలు.

“పోనీలే... పోనీలే మామా.”

నవ్వు ఆగింది. చప్పట్లు మొదలయ్యాయి. ఎంత మెత్తని చప్పట్లో! జన్మలో ఎవరూ అతని కోసం చప్పట్లు కొట్టలేదు. అంకబాబు కళ్ళమ్మట నీళ్ళు కారాయి. యలమంద చేతిని పట్టుకుంటే అది ఐసుముక్కలా ఉంది.

బయట వరండాలో యలమంద గోడకి ఆనుకుని చెమట తుడుచుకున్నాడు. “నీకు ఎవురు నవ్వారు?” అని లోగొంతుకతో అడిగాడు.

“పిల్లకాయలు.”

“నాకు పిల్లకాయలు వినపళ్ళేదు, మా నాయన నవ్వాడురా. ఒక్కడే. మొదటి నించీ.” వాడు మళ్ళీ మొహం తుడుచుకున్నాడు. “ఇంకాసేపు నువ్వు బిగబట్టుంటే, తోట తీసుకోమని నేనే చెప్పేవోణ్ణి.” చెప్పాక, చెప్పినందుకు భయపడ్డవాడిలా గబగబా మెట్లు దిగి వెళ్ళిపోయాడు.

డాక్టర్ హైమవతి మంచినీళ్ళు తెచ్చి ఇచ్చింది. అంకబాబు గ్లాసు రెండు చేతులతో పట్టుకున్నాడు.

“తలుపు ఎందుకు బిగించారమ్మా? మనిషినట్టా బంధించటం ధర్మమేనా?”

“తలుపుకి గడియ లేదండీ,” అంది ఆవిడ మెల్లగా. “అసలు పెట్టించలేదు. నెడితే వచ్చేస్తుంది.”

“ఆ మాట ముందే చెప్పొద్దా?”

“మొదట్లో చెప్పేవాళ్ళం. చెప్పినా ఎవరూ మధ్యలో బయటికి రాలేదు. జనం నవ్వుతుండగా వీపు చూపించి బయటికి రాగల మనిషి ఒక్కడైనా ఉంటాడని చూస్తున్నాను. నా యంత్రానికి ఓడిపోవడం తెలియాలని నాకూ ఉంది.”

“మీరెప్పుడన్నా కూర్చున్నారా అందులో?”

ఆవిడ మర్యాదకి నవ్వబోయింది. ఆ పెదవులు కదలడం చూడగానే అంకబాబు గట్టిగా కళ్ళు మూసుకున్నాడు.

కళ్ళు మూసుకునే ఉండగా, వరండా మూలనించి పెద్దమనిషి గొంతు ప్రశాంతంగా రాజీపత్రం చదివింది: చీరాల మండలం, సముద్రపు ఒడ్డు దాపున మల్లెతోట, తూర్పు దిక్కు బోరుబావితో సహా, ఫిర్యాదుదారు తన నోటితో వదులుకున్నది, ఒక ఎకరం అరవై రెండు సెంట్లు.