కూలర్ ముందు తబలా

ధప్!

సిద్ధార్థ్ తబలా మీద ఇంకా గట్టిగా కొట్టాడు. మళ్ళీ ధప్! టంగుమని పలకాల్సిన తబలా అట్టపెట్టెలా మోగుతోంది.

"ఏందిరా గా కొట్టుడు? పాపం, దానికి కాళ్ళుంటే ఉరికిపోతుండె," అంది వంటింట్లోంచి వాళ్ళమ్మ విమల.

"మూడ్ ఖరాబ్ చెయ్యకు మమ్మీ!"

ఇదిగో, ఈ మూడ్ కోసమే బాబుగారు పొద్దున్నుంచి చూస్తున్నాడు. కూలర్ ముందు చల్లగా కూర్చుంటాడు. రెండు దెబ్బలు వేస్తాడు. లేచి నీళ్ళు తాగుతాడు. ఫోన్ టింగుమంటే చూస్తాడు. కింద అబిడ్స్ రోడ్డు మీద ఎవరో ఆటోవాణ్ణి తిడుతుంటే బాల్కనీలోకి పరుగెడతాడు. తిరిగొచ్చేసరికి శ్రుతి చేసే సుత్తి కనబడదు. అది సోఫా కింద దొరికేసరికి ఇంకో పావుగంట!

సాయంత్రం ఆరింటికి నాంపల్లిలో ప్రోగ్రాం. వామన్‌రావు సర్ దగ్గర తబలా నేర్చుకునే పిల్లల్లో ఒక్కరికే సోలో ఉంటుంది. ఈసారి అది సిద్ధార్థ్‌కి వచ్చింది. అయితే సొంతంగా ఒక తిహాయి కట్టాలి. తిహాయి అంటే ఒకే ముక్కను మూడుసార్లు వాయించడం. మూడోసారి చివరి దెబ్బ సరిగ్గా తాళం మొదటి దెబ్బ మీద పడాలి.

"నాలుగింటికి నాకు వినిపియ్యి. లేకుంటే అంజన్ వాయిస్తడు," అని నిన్ననే చెప్పారు సర్. అంజన్ కూడా ఆ క్లాసువాడే.

ఇప్పుడు రెండున్నర. తిహాయి లేదు సరికదా, తబలా కూడా మూగబోయింది. సిద్ధార్థ్‌కి ఏడుపొక్కటే తక్కువ.

"మమ్మీ, సర్ ఇంటికి పోదాం. జల్దీ!"

విమల ఆటో పిలిచింది. ఆదివారం కదా, ఫుట్‌పాత్ నిండా పాత పుస్తకాలు, వాటి చుట్టూ జనం. ఆటో కదిలితే ఒట్టు! సిద్ధార్థ్ సీటు అంచున కూర్చుని కాళ్ళు ఊపుతూనే ఉన్నాడు.

సర్ గదిలో అంజన్ వాయిస్తున్నాడు. చాప పరిచి ఉంది. తబలాలు చుట్టకుదుళ్ళ మీద నిలబడి ఉన్నాయి. సుత్తి కుడిచేతికి అందేంత దూరంలో, పక్కనే పౌడర్ డబ్బా, తుడుచుకునే బట్ట. ఫోన్లన్నీ బయట బుట్టలో. అంజన్ దేనికీ లేవడం లేదు, దేన్నీ వెతకడం లేదు. వాడి చేతులు మాత్రం హాయిగా ఆడుతున్నాయి. సిద్ధార్థ్‌కి కుళ్ళు పుట్టింది.

సర్ సిద్ధార్థ్ తబలాను వేలితో తట్టారు. "కూలర్ ముందర పెట్టినవా?"

"లే... ఔ సర్. ఉడకపోస్తుంటే..."

"తడిగాలికి తోలు మెత్తబడ్డది. నువ్వెంత బాదినా పలకదు. ఆరనియ్యి."

"ఎంతసేపు సర్?"

"ఆరేదాకా!"

తబలా పొడిగా ఉన్న మూలకి వెళ్ళింది. చేతిలో తబలా లేదు, ఫోన్ లేదు. ఏం చేస్తాడు? గోళ్ళు కొరికాడు. గడియారం చూశాడు. అంజన్‌ని చూశాడు. మళ్ళీ గడియారం చూశాడు. చివరికి చేసేదేం లేక మోకాలి మీద వేళ్ళతో తాళం లెక్కపెట్టడం మొదలుపెట్టాడు. ఒకసారి ముక్క ముందే అయిపోయింది. ఇంకోసారి ఒక దెబ్బ ఎక్కువైంది. ఆ దెబ్బ తీసేసి, మధ్యలో చిన్న ఖాళీ వదిలాడు. అరే! బాగుందే!

మర్చిపోతానేమోనని భయమేసింది. పెదాలు కదుపుతూ అదే ముక్కను పదిసార్లు అనుకున్నాడు.

"సిద్ధార్థ్! నాలుగుకు రెండు నిమిషాలున్నది. రా!" సర్ పిలిచారు.

తబలా తెచ్చి చాప మీద పెట్టాడు. తట్టి చూశాడు. పలికింది! కానీ ఒక పక్క కొంచెం తక్కువ పలుకుతోంది. ఎదురుగా అంజన్ తన తబలా ముందు సిద్ధంగా కూర్చున్నాడు. పొద్దుటి సిద్ధార్థ్ అయితే ఈపాటికి బాదేసేవాడే.

"ఒక్క నిమిషం ఆగుండ్రి సర్."

సర్ కనుబొమలు పైకి లేచాయి. "టైమైతున్నది మరి!"

"తెలుసు సర్."

సుత్తి తీసుకున్నాడు. అంచు చుట్టూ ఒక్కోచోట తట్టాడు, విన్నాడు, మళ్ళీ తట్టాడు. చేతులకు పౌడర్ రాసుకున్నాడు. కిటికీలోంచి, దగ్గర్లోని స్టేషన్‌లో రైలు అనౌన్స్‌మెంట్ చెవిలో పడుతోంది.

"అంజన్, జర ఆ కిటికీ మూస్తవా?"

అంజన్ లేచి మూశాడు. నాలుగు దాటి మూడు నిమిషాలైంది. సర్ గడియారం చూసి, కానియ్యమన్నట్టు తల ఊపారు.

అప్పుడు సిద్ధార్థ్ వాయించాడు. ఒకసారి. ఖాళీ. రెండోసారి. ఖాళీ. మూడోసారి చివరి దెబ్బ తాళం మొదటి దెబ్బ మీద వచ్చి కూర్చుంది. ధా!

"అబ్బ! ఇంకోసారి కొట్టురా!" అని అరిచాడు అంజన్.

"ఇంకోసారి గీడ కాదు," అన్నారు వామన్‌రావు సర్ లేస్తూ. "ఆరింటికి, స్టేజీ మీద."