దారంతా దానికే

ఆ రోడ్డు పని మూడు నెలల్లో అయిపోవాల్సింది. వానల దెబ్బకి ఏడో నెల నడుస్తోంది. కంకర పరిచి రోలరు తోలేలోపే మబ్బు పట్టేది. తడి నేల మీద తోలితే రోలరు దిగబడిపోతుంది, అందుకని పని ఆపేసేవాళ్ళం. నేల ఆరేలోపు ఇంకో వాన. పై ఆఫీసు నుంచి ఫోను వచ్చినప్పుడల్లా మా ఇంజనీరు ఆకాశం వైపు చెయ్యి చూపించేవాడు, అవతలివాళ్ళకి కనబడుతుందన్నట్టు.

నాది బోర్డు పట్టుకునే పని. కొండ పక్కన రోడ్డు సగం తవ్వి ఉంది. నడుము లోతు గొయ్యి, నిండా బురద నీళ్ళు. మిగిలిన సగంలో ఒక్క బండే పడుతుంది. ఈ చివర నేను, మలుపు అవతల మా వదిన. అటు నుంచి బండ్లు వదులుతున్నప్పుడు వాకీటాకీలో చెబుతుంది, నేను ఇటు ఆపుతాను. మా అన్నయ్య రోలరు డ్రైవరు. వాన పడితే షెడ్డులో కూర్చుని ఆకాశాన్ని తిట్టడమే అతని పని.

వదినకి నోరు ఊరుకోదు. "ఆడపడుచుగారూ! రెండు కార్లు, ఒక లారీ. లారీవాడి మీసం బావుంది, చూసుకో" అనేది. ఆ గొంతు వింటుంటే కాళ్ళ నొప్పి తెలిసేది కాదు.

ఆ రోజు నాలుగింటికే చీకటి పడినట్టయింది. వాన ఏకధారగా పడుతోంది. చాలాసేపటి నుంచి అటు నుంచి ఒక్క బండీ రాలేదు. ఇటు నుంచి ఒక వ్యాను వచ్చి ఆగింది. నడిపే మనిషి పక్క సీటులో అతని తల్లి. ఊపిరి అందక ఎగపోస్తోంది.

"అక్కా, ఆసుపత్రి అటే. వదిలెయ్."

"ఒక్క నిమిషం" అని వాకీటాకీ నొక్కాను. "వదినా, అర్జంటు బండి. వదలనా?"

కాసేపు గరగర. తర్వాత ఆమె గొంతే, కానీ నవ్వు లేదు. "ఆపు. ఒకటి వస్తోంది."

ఆపాను. అయిదు నిమిషాలు... పది. ఏ బండీ రాలేదు. అతను దిగి నా బోర్డు పట్టుకున్నాడు. "నీ కాళ్ళు పట్టుకుంటాను. అమ్మ చచ్చిపోతుంది."

"వదినా, ఏం బండది? ఇంకా రాదేం?"

"బండి కాదు. నడిచి వస్తోంది."

"నడిచొచ్చేవాళ్ళ కోసం బండి ఆపడమేంటి?"

గుసగుసలాగా వచ్చింది జవాబు. "దారంతా దానికే కావాలి."

"వదినా, నువ్వు పక్కకి రా. వింటున్నావా? కొండ వైపుకి వచ్చెయ్..."

గరగర కూడా ఆగిపోయింది.

అతను ఇక ఆగలేదు. బోర్డు తోసేసి వ్యాను పోనిచ్చాడు. నేను కేకలు వేస్తూ వెనకాలే పరిగెత్తాను. చెప్పుల్లో బురద. వాటిని వదిలేసి పరిగెత్తాను. సగం దూరం వెళ్ళేసరికి నా చుట్టూ వాన చప్పుడు తగ్గిపోయింది. కాలిన రాయి వాసన.

మలుపుకి కాస్త ఇవతల వ్యాను ఆగి ఉంది. ఇంజను నడుస్తోంది. లోపల ఆ ముసలమ్మ కొడుకు కళ్ళు రెండు చేతులతో మూసి పట్టుకుంది. తన కళ్ళూ గట్టిగా మూసుకుంది.

"అమ్మా..." అన్నాను.

"పోయిందా?" అంది ఊపిరి మధ్యలో. "చూడకండి... చూడకండి..."

నేను ముందుకి చూశాను. అక్కడ ఏమీ లేదు. గొయ్యి కూడా లేదు.

వ్యాను ముందు చక్రాల దగ్గర నుంచి మలుపు దాకా రోడ్డు పూర్తయిపోయి ఉంది. ఈ అంచు నుంచి ఆ అంచు దాకా, కంకరా మట్టీ ఒకటే పలకలా నొక్కుకుపోయి ఉంది. వాన దాని మీద పడుతూనే ఉంది. నేల మాత్రం పొడిగా ఉంది. కాలు పెడితే వేడి.

"వదినా!" అని అరుస్తూ దాని మీదే పరిగెత్తాను. మలుపు అవతల దాకా అదే రోడ్డు. ఆమె నిలబడే చోట ఎవరూ లేరు.

వ్యాను అదే రోడ్డు మీదుగా ఆసుపత్రికి వెళ్ళిపోయింది. ముసలమ్మ బతికిందని తర్వాత తెలిసింది. ఏం చూసిందో మాత్రం కొడుక్కి కూడా చెప్పలేదట.

అన్నయ్య ఆ రాత్రే వదిన నిలబడే చోట తవ్వడం మొదలుపెట్టాడు. తవ్వే యంత్రం పళ్ళు విరిగితే గునపంతో, గునపం వంగితే చేతులతో. "ఇక్కడే ఉంది, ఇక్కడే ఉంటుంది" అంటూ... మూడో రోజుకి వేళ్ళకి గోళ్ళు లేవు. నిలువు లోతు తవ్వినా పొడి మట్టే. ఆమె చీర పోగు కూడా దొరకలేదు. పోలీసులు లోయలో వెతికి వెళ్ళిపోయారు.

నాలుగో రోజు పొద్దున్న చూస్తే తవ్విన గొయ్యి పూడిపోయి ఉంది. గట్టి రోడ్డు వ్యాను ఆగిన చోటు దాటి నలభై అడుగులు ఇటు వచ్చింది. మర్నాడు ఇంకో నలభై. ఇంజనీరు మా మొహాలు చూడకుండా పని సాగుతోందని పై ఆఫీసుకి రాశాడు. ఆ సాయంత్రమే సెలవు పెట్టి వెళ్ళిపోయాడు. కూలీలు ఒక్కొక్కరే జారుకున్నారు.

"నువ్వూ పో" అన్నాడు అన్నయ్య. "అది రానీ. దాన్నే అడుగుతాను మీ వదిన ఏదని."

అతన్ని ఒక్కణ్ణీ వదిలి ఎలా పోను? చెయ్యి పట్టి లాగాను. కాళ్ళ మీద పడ్డాను. షెడ్డులోంచి కదల్లేదు.

నిన్నటి దాకా అది రోడ్డు కోసం పాతిన మేకుల వెంటే వచ్చింది. ఈ పొద్దున్న మేకులు ఎడమకి తిరిగిన చోట అది కుడికి తిరిగింది. కుడి వైపున మా షెడ్డు తప్ప ఏమీ లేదు.

బయట వాన కుండపోతగా పడుతోంది. గుమ్మం ముందు జానెడు నేల పొడిగా ఉంది.